బాయిలర్ పక్కన కుర్చీ

సెక్యూరిటీవాళ్ళు దేవన్నను మెడ పట్టి గేటు బయటికి గెంటేశారు. ఇరవై రెండేళ్ళు బాయిలర్‌లో చెరకు పిప్పి మండించిన మనిషి, ట్రాక్టర్ల నడుమ మోకాళ్ళ మీద పడ్డాడు. ఫోర్‌మన్ లింబాద్రి చూస్తూ నిలబడ్డాడు.

దేవన్న చేసిన తప్పల్లా ఒక్కటే. "సేఫ్టీ వాల్వు పట్టేసింది, ఆవిరెక్కువైతే బాయిలర్ పేలుతది. బాగు జేసేదాంక నేను మంటెయ్య" అన్నాడు.

బోధన్ దగ్గరి ఆ చక్కెర మిల్లుకు నిరుటి నుంచి గడ్డుకాలం. పాత మేనేజరు తిట్టేవాడు, కార్మికులు తిరగబడేవారు. కొత్తగా వచ్చిన ధనుంజయ్ అలా కాదు. వాళ్ళ పక్కన కూర్చుని తినేవాడు. "మనదంతా ఒక్క కుటుంబం అన్నా, మిల్లును మనమే కాపాడుకోవాలె" అనేవాడు. ఆ మాటకు కరిగి ఆదివారాలు వదులుకున్నారు. బాయిలర్ దగ్గర నలుగురి పని ఇద్దరే చేశారు. వాల్వు మార్చమంటే మాత్రం సీజన్ అయిపోనీ అన్నాడు.

దేవన్నను గెంటేసిన పగలే ధనుంజయ్ లింబాద్రిని పిలిచి చాయ్ ఇచ్చాడు. బాయిలర్ బాగుందని రాసిన కాగితం ముందుకు జరిపాడు.

"నువ్వు సంతకం పెడితే అందరు పనిలకు దిగుతరు. నీ మాటంటే నమ్మకం వాళ్ళకు."

లింబాద్రి ఆ కాగితం యార్డుకు తెచ్చి అందరి ముందూ చదివాడు.

"పెట్టెయ్యన్నా," అన్నాడు కార్మికుల్లోంచి శ్రావణ్. "మిల్లు మూతబడితే యాడికి పోతం?"

"ఇన్నొద్దులు సర్దుకోమన్నది నువ్వే గదా!" ఇంకెవరో అరిచారు.

"అవు, నేనే జెప్పిన. తప్పు నాదే." లింబాద్రి తల వంచుకున్నాడు.

చెరకు దించే భూమవ్వ లేచింది. "కుటుంబమంటడు గద సారు. గా బాయిలర్ పక్కన ఒక్క గంట కూసోమనుండ్రి. గాయన కూసుంటే పిప్పి నేనే ఏస్త."

ఆఫీసులోంచి కుర్చీ మోసుకొచ్చి బాయిలర్ పక్కన వేశారు. రెండు వందల మంది చుట్టూ నిలబడ్డారు. ధనుంజయ్ బాయిలర్ గది గుమ్మం దాకా వచ్చాడు. గొట్టాల్లో ఆవిరి బుసకొడుతోంది.

"గిదేం పద్ధతన్నా?" అంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ అడుగు అందరూ చూశారు.

లింబాద్రి కాగితం చింపేశాడు. మంటలార్పి అందరూ దేవన్నతో పాటు గేటు ముందు బైఠాయించారు.

మర్నాడు పొద్దున పోలీసులు దిగారు. లింబాద్రిని, దేవన్నను వ్యానులోకి తోశారు. లింబాద్రి కిటికీ జాలీలోంచి చిమ్నీ వైపు చూశాడు. పొగ! సరిహద్దు అవతలినుంచి మరాఠీ కూలీలను తెచ్చి, వెనక గేటునుంచి లోపలికి పంపి మంట వేయిస్తున్నారు. వాల్వు సంగతి వాళ్ళకెవరు చెప్తారు?

"అవ్వా! నా సంగతి ఇడిసిపెట్టుండ్రి, లోపట మనుషులున్నరు!" అని అరిచాడు.

వ్యానుకు అడ్డం పడుకున్న భూమవ్వ లేచి మిల్లు వైపు ఉరికింది. ఆమె వెంట రెండు వందల మంది కదిలారు. లాఠీలు లేచాయి. ఎవరూ ఆగలేదు. అందరికన్నా ముందు గేటెక్కిన శ్రావణ్, నెత్తురు కారుతున్న తలతో, అంగట్లో విన్న మరాఠీలో వాళ్ళను బయటికి రమ్మని అరుస్తున్నాడు:

"బాహేర్ యా! భావూ, బాహేర్ యా!"