మొదటి ముక్క

యోసేపు దొంగ. జ్ఞానయ్యకు ఇందులో అనుమానం లేదు. చెల్లెలి ఇంట్లో కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, ఆ చేత్తోనే ఇంజను ముక్క ఎత్తుకుపోయాడు. పాలెమంతా ఎరిగిన సంగతి. పాలేనికి చెప్పింది జ్ఞానయ్యే.

గిద్దలూరు స్టేషనులో జ్ఞానయ్య పంపు డ్రైవరు. రైలింజన్లు తాగే నీళ్లను బావిలోంచి తొట్టికి ఎక్కించడం అతని పని. లైను చూసే దొర ఒకడు ఇంగ్లండుకు పోతూ పోతూ ఒక చెక్కపెట్టె తెచ్చి అతనికిచ్చాడు. అందులో మూరెడు పొడవు రైలింజను ఉంది, ముక్కలు ముక్కలుగా. పోతపోసిన చక్రాలు, సిలిండర్లు, రాగి రేకు, ఇత్తడి దిమ్మలు, మరలు, ఒక పటం. బిగిస్తే నిజం ఇంజనులాగే ఆవిరి మీద నడుస్తుందని దొర చెప్పాడు. తాను మాత్రం ఏళ్ల తరబడి బిగించలేకపోయాడు.

జ్ఞానయ్య మిషను బడిలో చదివిన నాలుగు ముక్కలు ఆ పటం మీది ఇంగ్లీషుకు చాలలేదు. గీతలు మాత్రం అర్థమయ్యాయి. ముందుగా వాల్వు పట్టుకున్నాడు. సిలిండరు నెత్తిన అటూ ఇటూ జరుగుతూ ఆవిరిని ఒకసారి ముందువైపు, ఒకసారి వెనకవైపు పంపే ఇత్తడి దిమ్మ అది. చింతగింజ కన్నా కాస్త పెద్దది. ఆకురాయితో అరగదీశాడు, గాజుపలక మీద రుద్ది నునుపు చేశాడు. ఒక మూల ఆకురాయి జారి లోతుగా గీసుకుపోయింది. దానివల్ల నష్టం లేదని వదిలేశాడు.

భార్య మగ్దలీనమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. "నువ్వు చేసిన మొదటిది ఇదేనా?" అంది. "ఇదే" అన్నాడు.

ఆ వారమే కోత పండుగ. క్రైస్తవుల ఇళ్లలో మొదట కాసిన కాయ, మొదట పుట్టిన కోడిపిల్ల గంపలో పెట్టి గుడికి తీసుకుపోయే రోజు. ఆరాధన అయ్యాక ఆ గంపల్ని వేలం వేస్తారు. జ్ఞానయ్య ఆ పూట పంపు వదిలి రాలేకపోయాడు. సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే పెట్టెలో వాల్వు లేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మగ్దలీనమ్మ అన్న యోసేపు ఇంకా అరుగు మీదే ఉన్నాడు. ఇంటికి వచ్చిన పరాయి మనిషి అతనొక్కడే. జ్ఞానయ్య అతని మూట లాగి వీధిలో విప్పి దులిపాడు. అందులో దొరకలేదు. దొరకకపోవడమే దొంగతనానికి రుజువు అనుకున్నాడు. యోసేపు అప్పుడు సంఘ పెద్ద. ఆ పెద్దరికం పోయింది. ఊరు వదిలి కొమరోలు చేరాడు. వానలు పడ్డాక మగ్దలీనమ్మ జ్వరంతో పోయింది.

ఇంజను మిగతాదంతా జ్ఞానయ్య ఒంటరిగా పూర్తిచేశాడు. రెండో వైపు వాల్వును చూసి పోయినదాని బదులు ఇంకొకటి చేశాడు. కంటికి సరిపోయింది, చేతికి సరిపోయింది, ఆవిరికి సరిపోలేదు. నిప్పు రాజేస్తే ఇంజను ఒక్క కుదుపు కుదిపి, బుస్సుమని ఆగిపోయేది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. ఎందుకో అర్థం కాలేదు. యోసేపు చేసిన పని అనుకుంటే మాత్రం అర్థమయ్యేది.

కొన్నేళ్ల తర్వాత ఒక ఏడు వానలు లేక, రాచర్ల వైపు నుంచి గొర్రెల మందలు స్టేషను దాకా వచ్చాయి. తొట్టి కింద కారి నిలిచిన నీళ్లు తాగుతున్నాయి. అందులో ఒక పొట్టేలు తల ఎత్తింది. దాని మెడలో నల్లతాడు, తాడుకు ఇత్తడి దిమ్మ. జ్ఞానయ్య వంగి చూశాడు. మూల దగ్గర లోతుగా గీత. తన ఆకురాయి గీతే.

"అన్నా, ఇది యాడిది?" అన్నాడు మందవాడితో.

మందవాడి పేరు మాలకొండయ్య. కర్ర అడ్డం పెట్టాడు. "దాన్ని ముట్టుకోవాకు. రక్ష అది. రోగమొచ్చి సగం జీవాలు పోయిన ఏడు ఈ పొట్టేలొకటి నిక్షేపంగా నిలబడింది."

"యాడిదంటే చెప్పవేంది?"

"మీ గుళ్లోదే గదా! గుమ్మడికాయ నిగనిగలాడతాంటే ఆ గంప వేలంలో పాడినా. ఇంటికి పోయి చూస్తే కాయ కింద గుడ్డమూటలో ఇది ఉన్నింది. మీ దేవుని ముందర పెట్టినది ఊరికే పోతాదా అని కట్టినా."

"గంప ఎవరిది?"

మాలకొండయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "నన్నడుగుతావేంది? మీ ఆడమనిషిదే. మగ్దలీనమ్మ గంప అని మీ బావ గట్టిగా అరిచి మరీ పాట పెట్టినాడు. ఆ గుడ్డమూట ఇప్పి చూసినాడు, మళ్లా ముడేసినాడు."

 యోసేపు పొద్దున్నే వచ్చి తీసి గంపలో వేశాడా? దొంగిలించిన వస్తువును ఏ దొంగైనా గుళ్లో పదిమంది ముందు పెడతాడా? పెట్టింది అతను కాకపోతే, కళ్లారా చూసినవాడు నోరెందుకు విప్పలేదు? ఆలోచన ఎటు తిప్పినా ఇంకోవైపు ఒరిగిపోయింది.

"అది నా ఇంజనుది. ఇచ్చెయ్."

"ఇంజనుదో దేవునిదో నాకేం తెలుసు? పాట పెట్టిన పెద్దను వచ్చి చెప్పమను. ఇది దేవునిది కాదు, ఇప్పినా తప్పు లేదు అంటే ఇప్పుడే ఇప్పుతా. నువ్వు చెప్తే ఇప్పను. అది కావాల్సినోనివి, నువ్వేమైనా చెప్తావు."

మరునాడు జ్ఞానయ్య కొమరోలు బస్సెక్కాడు. దొంగ దగ్గరికి పోతున్నానా, సాక్షి దగ్గరికి పోతున్నానా అని దారంతా తేల్చుకోలేకపోయాడు.

యోసేపు వాకిట్లో కూర్చుని పగ్గం పేనుతున్నాడు. లేవలేదు. అతని భార్య ఎలీషబా గడపలోకి వచ్చింది.

"దొంగోళ్ల ఇంటికి వచ్చినావే! నీళ్లిస్తే చెంబు నీ కళ్ల ముందరే లోపల పెట్టాల్నా, బయట ఉండనియ్యాల్నా?"

"అక్కా, నేను బావతో మాట్లాడాలని వచ్చినా."

"మాట్లాడు. ఈసారి మూటలేం లేవు దులపడానికి."

జ్ఞానయ్య పొట్టేలు సంగతి చెప్పాడు. యోసేపు చేతిలో పగ్గం ఆగింది.

"పెట్టింది మగ్దలీ" అన్నాడు. "మొదటి కాయ, మొదటి పిల్ల పెడతాం గదా. నీ చేతుల్లో మొదట పుట్టింది అదేనంట. మా ఆయన అట్లాంటివి ఇంకా శానా చేస్తాడన్నా, ఇది దేవునికి, అనింది. సంబరంగా అనింది."

"నాకెందుకు చెప్పలే?"

"ఎప్పుడు చెప్పాల? నువ్వు నా మూట వీధిలో దులపరిస్తాంటేనా?"

"నువ్వన్నా చెప్పొచ్చు గదా!"

"అది తలుపు పట్టుకొని నా మొగం చూసింది. చెప్పొద్దన్నట్టు చూసింది. భయం దానికి. నేను మూట ఎత్తుకొని వచ్చేసినా."

"అది పోయినాక? అప్పుడైనా చెప్పకూడదా?"

"దొంగ అన్నావు గాని, తీసినావా అని నన్ను అడగలే, బావా. ఇంతవరకూ అడగలే."

 అబద్ధమని అనాలనుకున్నాడు జ్ఞానయ్య. ఏది అబద్ధమో చూపించలేకపోయాడు. పెళ్లాం తనకు భయపడిందంటే కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"నా వెంట రాచర్లకు రా, బావా. దేవునిది కాదని ఒక్క మాట చెప్పు, చాలు."

యోసేపు మళ్లీ పగ్గం పేనసాగాడు. బదులు ఎలీషబా చెప్పింది. "వస్తాడు. ఊరికే రాడు. ఆదివారం గుళ్లో నువ్వు లేసి నిలబడు. యోసేపు దొంగ కాదు, నేనే తప్పు కూసినా అని చెప్పు. ఆ మరునాడే వస్తాడు."

"ఎవరు పెట్టినారో కూడా చెప్పాల్నా?"

"చెప్పకుంటే ఎవరు నమ్ముతారయ్యా?"

ఆదివారం వాళ్లిద్దరూ గిద్దలూరు గుడికి వచ్చారు. యోసేపు వెనక వరసలో, ఎలీషబా ఆడవాళ్లలో. జ్ఞానయ్య పొద్దున్నే ఇంజనుకు నూనె పెట్టి, సిలిండరు మూత విప్పి, వాల్వుకు చోటు సిద్ధం చేసి వచ్చాడు. ఒక్క మాట చెబితే చాలు, చక్రాలు తిరుగుతాయి. ఇన్నేళ్లుగా అతనికి కావలసింది అదొక్కటే.

పాట అయింది. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఉపదేశి అడిగాడు. జ్ఞానయ్య లేచాడు. అందరూ తిరిగి చూశారు.

యోసేపు దొంగ కాదు అంటే, మరి ఎవరంటారు. మగ్దలీనమ్మ అంటే, సొంత మొగుడికి ఎందుకు చెప్పలేదంటారు. భయపడిందంటే, ఎందుకు భయపడిందంటారు. అక్కడి నుంచి తానేం చెప్పాలి? చచ్చినదాని పేరు కాపాడుతున్నానా, నా పేరు కాపాడుకుంటున్నానా అని తన్ను తాను ప్రశ్నించుకున్నాడు.  మగ్దలీనమ్మ మీద కోపం మాత్రం పొంగుకొచ్చింది. నేను చేసిన మొదటి వస్తువు, నన్ను అడగకుండా ఎట్లా ఇచ్చావే అని. అంతలోనే, అరచేతిలో పెట్టుకుని చూసిన దాని ముఖం కళ్లముందు నిలిచింది. రెండూ ఒక్కచోట ఇమడలేదు.

"చెప్పు, జ్ఞానయ్యా" అన్నాడు ఉపదేశి.

నోరు తెరిచాడు. మూశాడు. కూర్చున్నాడు.

ఆరాధన ముగియకముందే యోసేపు లేచి బయటికి నడిచాడు. ఎలీషబా వెంట పోయింది. పోతూ పోతూ జ్ఞానయ్య వైపు తిరిగి కూడా చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

గుడి ముందర, స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్సుమన్ పేతురు అతన్ని పట్టుకున్నాడు. "ఏంది మామా, లేచినావు, కూలబడినావు? ముక్క దొరికిందంట గదా, రాచర్ల మాలకొండయ్య చెప్పినాడు. దొంగెవరంట?"

"తెల్దు."

"తెల్దంటావేంది? ఇన్నేళ్లు యోసేపు యోసేపు అని నువ్వే గదా..."

జ్ఞానయ్య అతని చెయ్యి విదిలించాడు.

"ఇంజను లేదు, ముక్క లేదు. యోసేపు లేడు. ఆ మాట ఇంక నన్నడగొద్దు. నువ్వడిగినా, ఉపదేశి అయ్యగారడిగినా, రేపు దేవుడే అడిగినా, నేను దాన్ని గురించి నోరు తెరవను. పో."