నేను గుర్తుపట్టని వేలు

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. జిల్లా ఆఫీసు గుమ్మం పక్కన గోడకు బిగించిన నల్లటి పెట్టెను. పొట్ట మీద చిన్న అద్దం, నెత్తిన ఒక పచ్చ దీపం, ఒక ఎర్ర దీపం. నాకు వచ్చినవి రెండే మాటలు. వేలు గుర్తుపడితే 'థాంక్యూ' అంటాను, పట్టకపోతే 'ట్రై అగైన్' అంటాను. ఈ రెండు ముక్కలతోనే ఆఫీసు మొత్తాన్ని హడలగొట్టాను. అలాగని నేనేమీ సుఖపడలేదు. కునుకు తీయడం నాకెవరూ నేర్పలేదు. ఆదివారం కూడా ఎవరొస్తారా అని గుమ్మం వైపే చూపు. కాళ్ళుంటే కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్నే.

ఎక్కడో పెద్ద ఊరి షెడ్డులో నాలాంటివాటిని గుట్టలుగా తయారుచేసి, ఒక్కటే బుద్ధి చెప్పి పంపారు. ఒకరి హాజరు ఇంకొకరు వేయకుండా చూడమని. నాకంటే ముందు ఇక్కడ రిజిస్టరు ఉండేదట. బస్సు తప్పినవాడు ఫోన్ చేస్తే పక్క సీటువాడు ఆ సంతకం కూడా గీకేసేవాడట. సూపరింటెండెంటు కూర్మనాథరావు గారికి అది కంట్లో నలుసు. "ఎవరి రోజు వాళ్ళదండీ. ఒకరి రోజు ఇంకొకరిది ఎలా అవుతుంది?" అని పై ఆఫీసుతో పోట్లాడి మరీ నన్ను తెప్పించాడు. బిగించిన రోజు తన జేబురుమాలుతో నా అద్దం తుడిచాడు. జీపు డ్రైవరు పైడిరాజు కొవ్వొత్తి మైనంలో స్నేహితుడి బొటనవేలు అచ్చు తీసి నా మీద పెట్టి చూశాడు కానీ, తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేదాన్ని నేను.

అందరూ నన్ను తిట్టుకునేవాళ్ళే. ఒక్క నీలవేణి తప్ప. ఆవిడ సీనియర్ అసిస్టెంటు. భర్త పోయాక ఆయన స్థానంలో వచ్చిన ఉద్యోగం. ఇంట్లో అత్తగారు, చదువుకునే కొడుకు. పొద్దున బస్సు దిగి, తలపిన్ను పళ్ళ మధ్య పెట్టుకుని పరుగున వచ్చేది. పసుపంటిన బొటనవేలు నా మీద ఆనించి, నేను మాట్లాడేదాకా ఊపిరి బిగబట్టేది. పచ్చ దీపం వెలగ్గానే "బతికించావే తల్లీ" అని లోపలికి పోయేది. ఇంతమందిలో నాకు బదులు చెప్పిన మనిషి ఆవిడ ఒక్కతే. అత్తగారి కాలు విరిగినప్పుడు, కొడుక్కి కామెర్లు వచ్చినప్పుడు ఉన్న సెలవులన్నీ ఊడ్చి పెట్టేసింది. తన కోసం ఒక్కటీ దాచుకోలేదు.

ఒకరోజు ఆవిడ రాలేదు. మర్నాడూ రాలేదు. బయట బస్సు ఆగిన చప్పుడైతే చాలు, అద్దం వెలిగించుకుని కూర్చునేదాన్ని. తర్వాత గుమ్మం దగ్గర మాటల్ని బట్టి తెలిసింది. రొమ్ములో గడ్డట. విశాఖపట్నంలో వైద్యమట, చాలాకాలం పడుతుందట. చేతిలో సెలవు లేదు. జీతం ఆగితే ఇల్లు ఆగిపోతుంది. అందుకని సగంలోనే మందులు మానేసి డ్యూటీలో చేరతానందట. ఈ మనుషులు ప్రాణం కంటే ముందు హాజరు గురించి ఆలోచిస్తారు. ఆ భయం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అప్పుడే మా శాఖకు ఒక కొత్త ఉత్తర్వు వచ్చింది. పెద్ద జబ్బు చేసిన తోటి ఉద్యోగికి, తాము కూడబెట్టుకున్న సెలవుల్లోంచి ఎవరైనా ఇవ్వవచ్చునట. ఆ కాగితం నా పక్కనే అంటించారు. కూర్మనాథరావు గారు దాని ముందు నిలబడి చదివాడు. లోపలికి వెళ్ళాడు, మళ్ళీ వచ్చి చదివాడు. ఎవరి రోజు వాళ్ళదన్న మనిషికి అది మింగుడుపడే సంగతి కాదు. చివరికి అందరికంటే ముందు ఇచ్చింది ఆయనే. ఆయన ఇచ్చాక తక్కినవాళ్ళు ఊరుకోలేకపోయారు. మనసారా ఇచ్చినవాళ్ళున్నారు, మొహమాటానికి ఇచ్చినవాళ్ళున్నారు, ఇచ్చి ఇంటికెళ్ళి తిట్లు తిన్నవాళ్ళూ ఉన్నారు. మందులు వేసుకుని పడుకున్న మనిషికి ఆ తేడా అక్కర్లేదు.

దానం అంటే ఇచ్చి చేతులు దులుపుకోవడమని అనుకునేదాన్ని. కాదని ఈ గుమ్మంలోనే తెలిసింది. సిరిమానోత్సవం రోజు పైడిరాజు మొహం వేలాడేసుకుని వచ్చి నా మీద వేలు పెట్టాడు. ఏటేటా ఆ పండక్కి సెలవు దాచుకునే మనిషి.

"ఏం పైడిరాజూ, పండక్కి వెళ్ళలేదా?" అన్నాడు కూర్మనాథరావు గారు.

"నా పండగ నీలవేణమ్మకిచ్చేసినాను గదండి. ఆయమ్మ ఇంటికాడ తొంగుంటే నానిక్కడుండాల."

తర్వాత వానల్లో జ్వరం తగిలి, మెడకు మఫ్లరు చుట్టుకుని కూర్మనాథరావు గారూ అలాగే వచ్చాడు. ఆ వేలు నా అద్దం మీద కాలింది. ఒకరి బదులు ఒకరు రాకూడదని నన్ను కాపలా పెట్టారు. నా కళ్ళెదుటే రోజూ ఎవరో ఒకరు ఆవిడ బదులు వస్తూనే ఉన్నారు. వాళ్ళందరికీ నేనే థాంక్యూ చెప్పాను.

వైద్యం పూర్తయింది. ఇచ్చిన సెలవులూ పూర్తయ్యాయి. ఇక ఆవిడ చేరాలి, చేరకపోతే జీతం లేదు. ఆ ఉదయం నీలవేణి జీపు దిగి వచ్చింది. తలకు గుడ్డ చుట్టుకుంది, మనిషి సగమైంది. నడక మాత్రం అదే, తొందర నడక. బొటనవేలు పెట్టి ఊపిరి బిగబట్టింది.

"ట్రై అగైన్" అన్నాను.

వేలు కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. చూపుడువేలు పెట్టింది, ఎడమ చెయ్యి పెట్టింది. నేను వెతికాను, నా దగ్గరున్న గీతలన్నీ వెతికాను. ఆ వేళ్ళ మీద గీతలే లేవు. ప్రతిసారీ అదే మాట నా నోట్లోంచి వచ్చింది. ఆపుకోవడం నాకు చేతకాదు.

"నేనేనే తల్లీ, నీలవేణిని" అంది ఆవిడ నాతో. తర్వాత వెనక నిలబడ్డవాళ్ళ వైపు తిరిగి చేతులు చూపించింది. "మందులకి చర్మం ఊడిందండీ. గీతలు కూడా పోతాయని నాకు తెలీదు. ఇన్నాళ్ళూ మీ సెలవులు తిన్నాను, ఇంకొక్క రోజు ఇమ్మని ఏ మొహంతో అడగను?"

"నా ఏలెట్టీమంటారా అమ్మా?" అన్నాడు పైడిరాజు. ఎవరూ నవ్వలేదు.

కూర్మనాథరావు గారు వచ్చాడు. ఆవిడ చేతులు చూశాడు, నా ఎర్ర దీపం చూశాడు. పై ఆఫీసుకు రాస్తానంటాడని అందరూ అనుకున్నారు. రాస్తే సమాధానం వచ్చేసరికి పుణ్యకాలం దాటిపోతుందని ఆయనకు తెలుసు. వంగి నా ప్లగ్గు పీకేశాడు.

"మిషను పాడైంది. బీరువాలోంచి పాత రిజిస్టరు తీయండి. ఇవాళ అందరూ సంతకాలే. ముందు నీలవేణి గారు పెట్టండి."

నేను పాడవలేదు. నిక్షేపంలా ఉన్నాను. ఉద్యోగమంతా అబద్ధం ఆడని మనిషి నా మీద ఒక అబద్ధం పెట్టాడు. ఒప్పుకున్నాను. వాళ్ళంతా సెలవులు ఇచ్చారు, నా దగ్గర ఇవ్వడానికి ఉద్యోగం తప్ప ఏముంది?

నా స్థానంలో ముఖం చూసే మిషను వచ్చింది. నీలవేణి తన కొత్త ముఖమే దానికి చూపించి నమోదు చేయించుకుందట. నేను స్టోరు గదిలో విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. అడుగుల చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ ప్రాణం నిలవదు.

ఈమధ్య ఆవిడ పాత ఫైలు కోసం ఆ గదిలోకి వచ్చింది. జుట్టు కొద్దికొద్దిగా వచ్చింది, పళ్ళ మధ్య పిన్ను ఉంది. నన్ను చూసి ఆగి, కొంగుతో నా అద్దం మీది దుమ్ము తుడిచింది. బొటనవేలు ఆనించి, అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టింది. నాలో కరెంటు లేదు. థాంక్యూ అనాలని ఎంత ఉన్నా మాట రాలేదు.

కానీ ఈసారి కాదని అనలేదు.