కల్లాల ఊళ్లో గుమ్మడిపాదు

జనవరి నెలాఖరు నుంచి గుమ్మడి గింజలు దానయ్య చొక్కా జేబులోనే కాపురం ఉంటున్నాయి. రోజూ పొద్దున్నే పొలానికి వెళ్లడం, చెప్పులు విడిచి నేల మీద పాదం ఆనించడం, చల్లగా తగిలితే గింజల్ని ఓసారి తడుముకుని ఇంటికి తిరిగి రావడం. "మన పెళ్లికి కూడా ఇంత ముహూర్తం చూడలేదు మీరు" అని భార్య రెబ్కా ఎత్తిపొడిచింది. చూడకపోబట్టే కదా ఇలా ఉన్నాం అనుకున్నాడు దానయ్య. మనసులోనే అనుకున్నాడు. ఆ మాట పైకి అనే మగాడు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు.

అతని బాధ వేరు. మే నెల మొదటి ఆదివారం చర్చి వార్షికోత్సవం. ఎవరి పొలంలో పండింది వాళ్లు తెచ్చి దేవుడికి కానుకగా పెడతారు, తర్వాత వేలం పాడతారు. అన్నిట్లోకీ పెద్ద కాయని బల్ల ముందు నిలబెట్టి, తెచ్చినవాడి పేరు పాస్టరుగారు మైకులో చదువుతారు. నాలుగేళ్లుగా ఆ పేరు జయరావుది. ఈ జయరావు ఎవరో పరాయివాడైతే దానయ్య ఎప్పుడో క్షమించేవాడు. సాక్షాత్తూ తోడల్లుడు. కిందటేడు జయరావు గుమ్మడికాయని ఇద్దరు మోసుకొచ్చారు. దాని పక్కన దానయ్య కాయ పెడితే, "ఇది దాని పిల్లా?" అని సంఘంలోనే ఉండే రాఘవమ్మ అడిగింది. పాపం ఆమె తెలియకే అడిగింది. వెక్కిరించి ఉంటే దానయ్యకి ఇంకా తేలిగ్గా ఉండేది.

గుమ్మడితో వచ్చిన చిక్కల్లా మొదలుపెట్టడంలోనే ఉంది. తొందరపడితే మంచుకి గింజ కుళ్లుతుంది. ఆలస్యమైతే ఎండకి ఆడపువ్వులు రాలిపోతాయి, మిగిలిన కాయ ఊరదు. పూర్వం చలి శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోయేది. ప్రొటెస్టెంటు సంఘపెద్ద అయినా ఆ ఒక్క విషయంలో దానయ్య శివరాత్రినే నమ్ముకునేవాడు. ఈ ఏడు చలి వెళ్లింది, సంచీ మర్చిపోయిన చుట్టంలా మళ్లీ వచ్చింది. సెల్‌ఫోన్ ఎండన్న రోజు మంచు పడింది, మంచన్న రోజు మాడు పగిలింది. మొదట వేసిన గింజలు కుళ్లాయి. రెండోసారి వేసినవి మొలిచి, తీగ సాగి, పందెం గుర్రంలా ఉన్నాయనుకునేసరికి ఎండలు ముదిరిపోయాయి. బిందెలతో ఎన్ని నీళ్లు పోసినా మధ్యాహ్నానికి ఆకులు వేలాడేవి. వచ్చిన రెండు ఆడమొగ్గలూ విచ్చుకోకుండానే రాలాయి. మూడోది మిగిలింది. అది నిలబడితేనే మే నాటికి కాయ. దానికి కావలసింది ఒక మబ్బు, ఒక మంచి వాన.

కానీ ఆ రోజుల్లో ఆ ఊళ్లో వాన కావాలన్నవాణ్ణి పట్టుకుని తన్నినా అడిగే నాథుడుండడు. ఎక్కడ చూసినా మిరప కల్లాలే. ఏడాది కష్టం మొత్తం ఎర్రగా నేల మీద ఆరబోసి ఉంది. ఒక్క జల్లు పడితే కాయకి మచ్చ వస్తుంది, మిర్చి యార్డులో ధర సగానికి పడిపోతుంది. అందుకే కల్లాలున్నన్నాళ్లూ ప్రతి ఆదివారం చర్చిలో వాన రాకూడదని ప్రార్థన చేస్తారు. చేసేది ఎవరనుకున్నారు? దానయ్యే. ఆ ప్రార్థన మీద ఊరికి గురి ఎక్కువ. దానయ్య పొలం గట్టుకి అవతల కల్లం వేసే మీరా హుస్సేన్ కూడా ఏటా వచ్చి, "అన్నా, మా కల్లాన్ని కూడా కలుపు. రెండు చోట్లా చెప్పి ఉంచితే మంచిది" అనేవాడు. ఈ ఏడూ అన్నాడు. దానయ్య తల ఊపాడు.

ఆ ఆదివారం మైకు ముందు నిలబడి దానయ్య అందరి కోసం ప్రార్థించాడు. జబ్బున పడ్డవాళ్లనీ, పరీక్షలు రాసే పిల్లలనీ, చీమకుర్తి రాళ్ల లారీలు నడిపే డ్రైవర్లనీ, అధికారంలో ఉన్నవాళ్లనీ ఎవ్వరినీ వదల్లేదు. చివరికి కల్లాల దగ్గరికి వచ్చేసరికి మూసుకున్న కళ్ల ముందు వాడిన ఆకులు కనిపించాయి. గొంతు సవరించుకుని, "నీ చిత్తమే నెరవేరును గాక, ఆమెన్" అని కూర్చున్నాడు. పాము చావలేదు, కర్రా విరగలేదు. బయటికి రాగానే రాఘవమ్మ, "కల్లాల సంగతి మర్చిపోయావే దానయ్యా" అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఎవరి కోసం పుట్టిందో గానీ, ఆ క్షణాన దానయ్యకి సరిగ్గా కుట్టినట్టు సరిపోయింది. గొంతు పట్టేసిందని చెప్పి గబగబా ఇంటికి నడిచాడు.

గురువారం తెల్లవారేసరికి ఆకాశం మబ్బేసింది. దానయ్య గొడుగు పట్టుకుని పొలానికి పరుగెత్తాడు. పువ్వు విచ్చుకుంది. గుమ్మడి ఆడపువ్వుకి ఆ ఒక్క పొద్దే ఆయుష్షు. మగపువ్వు కోసి పుప్పొడి అద్దాలి, నీళ్లు తగలకుండా కాసేపు కాపాడాలి. పుప్పొడి అద్దాడో లేదో టప్పున చినుకు పడింది. ఇన్నాళ్లూ రమ్మన్న వాన, రాకూడని గంటలోనే వచ్చింది. గొడుగు విప్పి పువ్వు మీద పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.

అప్పుడు గట్టుకి అవతల మీరా హుస్సేన్ కనిపించాడు. కొడుకు నజీర్ మొదటి లోడుతో గుంటూరు యార్డుకి వెళ్లాడు, కల్లం దగ్గర మీరా ఒక్కడే ఉన్నాడు. టార్పాలిన్ పట్ట ఒక కొస లాగితే రెండో కొస గాలికి లేస్తోంది. అతను ఒకసారి ఇటు చూశాడు. గొడుగునీ, దాని కింద దానయ్యనీ చూశాడు. పిలవలేదు. మళ్లీ పట్ట వైపు తిరిగాడు.

పిలిచి ఉంటే దానయ్య ఏదో సాకు చెప్పేవాడేమో. పిలవకపోవడం భరించలేకపోయాడు. గొడుగు కర్రని మట్టిలో గుచ్చి, రెండు రాళ్లు ఎగదోసి, పరుగు తీశాడు. అతను గట్టు దాటకముందే గొడుగు అతన్ని దాటి ఎగిరిపోయింది.

ఇద్దరూ కలిసి పట్ట కప్పారు. రాళ్లు చాలక చెరో కొస మీద కూర్చున్నారు. కుప్పలో ముప్పాతిక భాగం దక్కింది. పువ్వు దొప్పలా నీళ్లు నిండి వాలిపోయింది. మేలో మళ్లీ జయరావు పేరే. తల మీంచి నీళ్లు దానయ్య ముఖం మీదకి కారుతున్నాయి. ఇంక ఓర్చుకోలేక నోరు విప్పాడు.

"ఒరేయ్ మీరా. మొన్న ప్రార్థనలో నీ కల్లం మాట ఎత్తలేదురా. ఎవరిదీ ఎత్తలేదు. కావాలనే."

"తెలుసన్నా. మీ మైకు మా ఇంటి వైపే కదా తిప్పి పెట్టారు. మా ఆవిడ చాంద్‌బీ ఇంట్లో కూర్చునే వినింది. దానయ్యన్నే మనల్ని వదిలేశాడంటే ఆ పాదు ఎంత ఎండిపోయిందో అని బాధపడింది."

దానయ్య ముఖం మీది నీళ్లు తుడుచుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"అందుకని నేనే నమాజులో అడిగానన్నా," అన్నాడు మీరా, పట్ట కొస తొడ కిందకి తోసుకుంటూ. "నీ పాదు మీద ఒక్క వాన పడనీమని."

"మిరపకాయంతా బయట పోసుకుని వాన అడిగావా?"

"గట్టుకి అటు వైపే పడాలని గట్టిగానే చెప్పాను. ఆయన కళ్లకి మన గట్టు ఆనినట్టు లేదు."

దానయ్య నవ్వుదామని నోరు తెరిచాడు. ఏడుపొచ్చింది. ఆ వానలో, ఎర్రటి మిరపకుప్ప పక్కన, సంఘపెద్ద భోరున ఏడ్చాడు. పట్ట కొస మాత్రం వదల్లేదు.