ఖాళీగా ఉంచకూడని పెట్టె

నేను ఒక శవపేటికను. ఉలిక్కిపడకండి. మీ ఇళ్లలో నా పేరెత్తితే పెద్దలు కసురుకుంటారేమో గానీ, నేను పుట్టిన చోట నా రాక శుభకార్యం.

చైనాలో గుయ్‌చౌ కొండల నడుమ ఒక చిన్న పల్లె అది. అక్కడ తల్లికి అరవై నిండితే కొడుకు పెట్టె చేయిస్తాడు, అదీ అధికమాసం వచ్చిన ఏడాదిలోనే. ఆ ఏడాదికి నెల కలిసినట్టే తల్లి ఆయుష్షుకూ కొంత కలుస్తుందట. చావుకు పెట్టె చేయించి ఆయుష్షు కోరుకునే ఈ మనుషులంటే నాకు నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది.

నన్ను చేయించినవాడు మావ్‌షెంగ్. కుయ్‌హువా అనే వితంతువుకు ఒక్కగానొక్క కొడుకు. కొండవాలున ఉన్న దేవదారులాంటి ముసలి ఫర్ మాను కొట్టించి, పెంచుకున్న పందిపిల్లల్ని అమ్మి పూతకు లక్కచెట్టు పాలు కొన్నాడు. పచ్చి లక్క తగిలి చేతులు దద్దుర్లెక్కి వాచిపోయినా, గోక్కుంటూనే నేను నల్లగా నిగనిగలాడేదాకా పూత మీద పూత వేశాడు. కుయ్‌హువా నన్ను అరచేత్తో నిమిరి, "బాగుందిరా నాయనా. మీ నాన్నకి ఇంత మంచిది కుదర్లేదు," అంది. ఆ పూట ఇంట్లో మాంసం వండారు. అది ఎప్పుడో గానీ జరిగేది కాదు.

వడ్రంగి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఖాళీగా మాత్రం ఉంచకు వదినా. ఖాళీ పెట్టె పిలుస్తుంది. చిన్నా పెద్దా చూడదు, ఇంట్లో ఎవరు దొరికితే వాళ్లనే."

అందుకని నా నిండా మొక్కజొన్న పోశారు. ఆ ఇంటి బాగోగులు వేరే ఎవర్నీ అడగనక్కర్లేదు, నాకే తెలిసేవి. పంట బాగున్న ఏడు గింజలు మూతను తాకేవి. లేని ఏడు సగానికి దిగేవి, పైన ఎండబెట్టిన చిలగడదుంప ముక్కలు పరిచేవారు. కుయ్‌హువా ఎంత ఆకలి మీదున్నా అడుగున పిడికెడు వదిలేసేది. "ఇది దాని వాటా," అనేది, నేనేదో ఇంట్లో మనిషినైనట్టు.

ఒక కరువు ఏడు ఆ పిడికెడూ మిగల్లేదు. ఆమె మంచాన పడి ఉంటే, మావ్‌షెంగ్ నా అడుగంతా ఊడ్చి జావ కాచి తాగించాడు. తెల్లారేసరికి వాళ్ల గేదె కొండ మెట్ల పొలం మీంచి కిందికి పడి చచ్చి ఉంది. కుయ్‌హువా లేచి వచ్చి దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా చెక్కల్లో ఉంది.

గేదె లేకపోతే దున్నేదెలా? మావ్‌షెంగ్ దూరాన సముద్రం ఒడ్డు నగరంలో భవనాల పనికి వెళ్లాడు. అక్కణ్ణుంచి ఇంటి దశ తిరిగింది. పెంకుటిల్లు పోయి సిమెంటు మేడ లేచింది. టీవీ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, లోయలోని పట్నం నుంచి షిన్‌ఫెన్ అనే కోడలు వచ్చింది. ఊరి స్థితిగతులు రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి ఫ్రిజ్ తలుపు తీసి చూసి, "బాగానే ఉన్నారే!" అని మెచ్చుకున్నాడు. నా మూత ఎత్తి చూడాలని మాత్రం ఆయనకు తోచలేదు. చూసి ఉంటే ఏళ్లనాటి ముక్కిపోయిన మొక్కజొన్న కనిపించేది. పొలాలన్నీ బీడుపడ్డాయి. విత్తేవాళ్లు లేరు. ఉన్నవాళ్లంతా కొనుక్కుని తింటున్నారు.

షిన్‌ఫెన్ చెడ్డది కాదు, శుభ్రం ఎక్కువ. నాలోంచి పురుగులు వంటింట్లోకి పాకుతున్నాయని ఒక మధ్యాహ్నం గింజలన్నీ ఎత్తి పక్క ఊరి పందులకు పంపేసింది. నన్ను కడిగి, మూత తీసి వాకిట్లో ఎండకు పెట్టింది. కొండ మీది గాలి నాలో దూరి సుడి తిరిగింది. లోపల హోరు పుట్టింది. అది గాలి చప్పుడో, నా సొంత గొంతో నాకే తెలియలేదు. నాకు భయం వేసింది.

కూరపాదుల దగ్గర్నుంచి వచ్చిన కుయ్‌హువా ఆ హోరు విని గంప కింద పడేసింది.

"ఏం చేశావే తల్లీ! గింజలేవి?"

"పురుగు పట్టాయత్తా. సాయంత్రం సంతనుంచి కొత్త బస్తా తెస్తాగా."

"సాయంత్రం దాకా ఆగుతుందా అది? దానికి గింజే కావాలి. ఇంట్లో పిడికెడు బియ్యమైనా లేవా?"

"నిన్ననే అయిపోయాయి. ఫ్రిజ్ నిండా మాంసం ఉంది, తినడానికేం తక్కువ?" అని నవ్వి షిన్‌ఫెన్ సంతకు బయల్దేరింది.

కుయ్‌హువా ఇరుగూ పొరుగూ తలుపులు తట్టింది. అన్నీ తాళాలే, అందరూ నగరాల్లోనే. తిరిగి వచ్చి నా అడుగంతా గోళ్లతో గీకింది. చెక్కల సందులో ఇరుక్కున్న ఒకే ఒక్క గింజ దొరికింది, పురుగు తొలిచిన డొల్ల గింజ. హోరు ఆగలేదు. ఆమె ఆ గింజను పిడికిట్లో బిగించి, చెప్పులు విప్పి, నాలోకి దిగి వెల్లకిలా పడుకుంది.

"ఇదిగో, నిండావు," అంది నాతో, మెల్లగా. "గేదె చాల్లే. నన్నుంచుకో. వాణ్ణి ముట్టుకోకు."

హోరు ఆగిపోయింది. నేనేమీ చేయలేదు, ఒట్టు. ఆమె ఊపిరి నా గోడలకు తగిలి, తగిలి, తగలడం మానేసింది.

షిన్‌ఫెన్ బస్తా ఎత్తుకుని ఇంటిదారి పట్టేసరికి ఫోన్ మోగింది. ఆ మధ్యాహ్నం నగరంలో పరంజా విరిగి పనివాళ్లు పడిపోయారట. మావ్‌షెంగ్ ఒక్కడే మధ్యలో కర్రకు చిక్కుకుని బతికాడు, కాలు విరిగింది. ఆ కబురు చెప్పడానికి ఆమె "అత్తా! అత్తా!" అంటూ పరుగెత్తుకొచ్చి నా దగ్గర ఆగిపోయింది. బస్తా చిరిగి వాకిలంతా గింజలు చెల్లాచెదరయ్యాయి.

మావ్‌షెంగ్ కర్రల మీద వచ్చి తల్లిని బీడుపడిన మెట్ల పొలంలో పూడ్చాడు. పూడ్చేముందు ఆమె పిడికిలి విప్పబోతే షిన్‌ఫెన్ ఆపింది. "ఉండనీ, అది ఆవిడది," అంది.

అప్పట్నుంచి నేను మట్టి కిందే ఉన్నాను. మీతో మాట్లాడుతున్నది ఇక్కణ్ణుంచే. పురుగు తిన్న గింజ మొలవదని ఏ రైతునడిగినా చెప్తాడు. కానీ వసంతంలో సమాధులు శుభ్రం చేసే పండుగనాడు కుంటుకుంటూ వచ్చిన మావ్‌షెంగ్, మట్టి దిబ్బ మీద మొక్కజొన్న మొలక చూసి అక్కడే కూలబడ్డాడు. పీకడానికి చెయ్యి రాలేదు. అది పెరిగి ఒక్క కంకి వేసింది. ఇద్దరూ వచ్చి దాన్ని కోసుకున్నారు.

"తినొద్దు," అన్నాడతను.

"తినడానికి కాదు. లోపల ఆ పెట్టె ఉండే చోట పెడదాం," అంది షిన్‌ఫెన్. "ఇంట్లో గింజ ఉండాలి."

వాళ్ల అడుగుల చప్పుడు కొండ దిగి వెళ్లిపోయింది. కుయ్‌హువా పిడికిలి నాలో అప్పుడు తెరుచుకుంది.