ముందే ఉతికిన పొత్తిగుడ్డలు

ఇంకా పిందె అయినా కట్టని కాయ కోసం అంత ముందుచూపు చూపే ఇంట్లో, కడుపులో కదులుతున్న బిడ్డ కోసం మాత్రం ఏదీ ముందుగా సిద్ధం చేయకూడదని ఎందుకంటారు?

తెగిన చిక్కానికి పురికొస ముడివేస్తూ షీబా ఈ ప్రశ్న తనకు తానే వేసుకుంది. వెదురుగడ చివర కట్టి, మామిడికాయను కింద పడనీయకుండా అందుకునే ఆ వలసంచులు వరండా నిండా పడి ఉన్నాయి. ఎనిమిదో నెల కడుపు మీద వల పరుచుకుంటే పనికి చక్కగా అమరింది. ఒడి కనబడకుండా పోయినా బల్ల ఒకటి దొరికిందనుకుని తనలో తాను నవ్వుకుంది.

ఆమె భర్త ప్రేమ్‌చంద్ ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి తోటలు కౌలుకు పడతాడు. ఆ బేరం పూత మీదే జరుగుతుంది. చెట్టు నిండా పువ్వే తప్ప బఠాణీగింజంత పిందె కూడా లేనప్పుడు, రాబోయే కాపు మొత్తానికీ రైతుకు మాట ఇచ్చేస్తాడు. ఆనాటి నుంచి ఇంట్లో జరిగేదంతా కాయ కోసమే. నిచ్చెనలు బాగుచేయించాలి, ట్రేలు కడగాలి, వరిగడ్డి తెప్పించాలి, హనుమాన్ జంక్షన్‌లో లారీ మాట్లాడి పెట్టుకోవాలి. చిక్కాలు బాగుచేయడం, కోతకు వచ్చేవాళ్ళకు వండి పంపడం షీబా వంతు. బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చాక చేసే ఆ పనికి పేరు లేదు. ఎవరైనా అడిగితే "షీబా ఉందిగా" అంటారు. పేరూ అదే, కూలీ అదే.

ఆ ఉదయం ఆమె చేసిన నేరం చిన్నది. చనిపోయిన తల్లి నూలు చీరలు పెట్టెలోంచి తీసి, చదరాలుగా చింపి, మరిగే నీళ్ళలో ఉడకబెట్టి దండెం మీద ఆరేసింది. అత్త మగ్దలేనమ్మ తడి ఆరకముందే వాటిని లాగేసింది.

"ఈ ఇంట్లో పుట్టకముందే పొత్తిగుడ్డలు ఆరెయ్యం అమ్మాయ్. బిడ్డ బయటపడ్డాక ఎవరివో పాతవి అడిగి తెచ్చి చుడతాం. అది పద్ధతి."

"ఎవరివో పాతవి కంటే మా అమ్మవి పాతవి నయం కదా అత్తయ్యా?"

"మాటకి మాట చెప్పడం కూడా బడిలో నేర్పుతారా ఏంటి?" అని, తడిగుడ్డలను బకెట్‌లో కుక్కి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ప్రేమ్‌చంద్ బండి దిగుతూనే శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. "జంక్షన్లో డాక్టరుగారితో మాట్లాడాను. ఆపరేషన్‌కి డేటు ఇస్తానన్నారు. బంగినపల్లి కోత అయిపోయాక, కలెక్టరు మామిడి కోత మొదలయ్యేలోపు పెట్టించుకుందాం. నాకూ ఖాళీ ఉంటుంది."

"నూజివీడులో డాక్టరమ్మ అంతా బాగుందన్నారుగా. బిడ్డ తల కిందికే ఉందట. మామూలు కాన్పే అవుతుందన్నారు."

"అవ్వచ్చు. నొప్పులు పడ్డం దేనికి? వారం ముందైతే ఏంటి, వెనకైతే ఏంటి? నీ కోసమే కదా చెప్పేది."

ముదరని కాయను వారం ముందు కోశారని నిరుడు కూలీల మీద మండిపడింది ఈ మనిషే. షీబా ఆ మాట పైకి అనలేదు. అతను చెడ్డవాడు కాడు. ప్రేమను ఖర్చుగా మార్చి ఇవ్వడం తప్ప మరో విధంగా ఇవ్వడం అతనికి ఎవరూ నేర్పలేదు. ఖర్చు పెడితే సిద్ధపడినట్టేనని అతను నిజంగానే నమ్ముతున్నాడు. బడి కరస్పాండెంటు మాట కూడా గుర్తొచ్చింది. "వేసవి సెలవుల్లో పడేట్టు చూసుకున్నావు, తెలివైనదానివమ్మా" అని స్టాఫ్‌రూంలో అందరి ముందూ నవ్వాడు. ఒకరికి సెలవులు, ఒకరికి కోతలు. తన దేహం అందరి వీలుకూ సర్దుకోవలసిన వస్తువైంది. ఆ దేహానికి మాత్రం ఏం కావాలో ఎవరూ అడగలేదు. నిజానికి తానూ అడగలేదు.

అడగడం గురువారం మొదలైంది. నూజివీడు సర్కారు ఆస్పత్రిలో వారానికోసారి, మధ్యాహ్నం, వినీల అనే నర్సు కాన్పుకు సిద్ధమయ్యే పాఠం చెబుతుంది. డబ్బు కట్టేది లేదు. ఒంటిపూట బడి కావడం వల్ల షీబాకు వీలు చిక్కింది.

"కొత్తవి ఏమీ కొనక్కర్లేదు" అని మొదలుపెట్టింది వినీల. "పాత నూలుబట్టలు ఉడకబెట్టి, ఎండలో బాగా ఆరేసి సంచిలో పెట్టుకోండి. సంచి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. నొప్పి వచ్చినప్పుడు ఊపిరి బిగపట్టకండి. వేడి టీ ఊదినట్టు నోటితో మెల్లిగా వదలండి. నొప్పి వస్తుంది, మధ్యలో వదులుతుంది, మళ్ళీ వస్తుంది. వదిలినప్పుడు ఒళ్ళు కూడా వదిలెయ్యండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా ఇంకాసేపు చూద్దామనుకోవద్దు, వచ్చేయండి. ఒక్కోసారి ఆపరేషన్ అవసరమవుతుంది. అయితే అదీ ఇక్కడే చేస్తారు. మీరేదో ఓడిపోయినట్టు కాదు."

తోడు వచ్చినవాళ్ళ చేత గర్భిణుల నడుము రుద్దించింది. భర్తలు ఇద్దరే ఉన్నారు. వాళ్ళలో ఒకతణ్ణి చూసి వినీల నవ్వింది. "వెంకటరమణగారూ, ఇంకా కిందికి. ఎద్దు మెడ నిమిరినట్టు నిమురుతున్నారేంటి?"

"ఆయనకి ఆ అలవాటేనండి" అంది అతని భార్య. అందరూ నవ్వారు. వెంకటరమణ చెయ్యి కిందికి జరిపాడు.

షీబా పక్కన ఎవరూ లేరు.

"మీతో ఎవరూ రాలేదా?"

"కోతలండి."

"ఇవాళ్టికి గోడ పట్టుకోండి. కాన్పు గదిలోకి ఒక ఆడమనిషిని తోడు రానిస్తాం. ఈ పాఠం విన్నవాళ్ళయితే మీకూ మాకూ సుఖం. వచ్చే వారం తీసుకురండి."

గోడకు అరచేతులు ఆనించి నిలబడినప్పుడు షీబాకు తన భయం ఆకారం తెలిసింది. అది నొప్పి కాదు. నొప్పి తనదే, దాన్ని ఎవరూ పంచుకోలేరు. కానీ నొప్పి పక్కన నిలబడడం నేర్చుకోవచ్చు. అది నేర్చుకునే తీరిక తనవాళ్ళలో ఒక్కరికీ లేకపోవడమే ఆమెను భయపెడుతున్నది.

ఇంటికి వచ్చి ప్రేమ్‌చంద్‌కు చెప్పింది. "అక్కడికి మగాళ్ళు కూడా వస్తారా?" అన్నాడు. ఇద్దరొచ్చారంది. "పని లేనోళ్ళయ్యుంటారు" అని ఫోనెత్తి లారీవాడితో మాట్లాడుకున్నాడు.

మరుసటి గురువారం బడి నుంచి వచ్చి, కిటికీ ఊచలు పట్టుకుని గొంతుక్కూర్చుని లేస్తోంది షీబా. గుమ్మంలో నిలబడి చూస్తున్న మగ్దలేనమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఆ గుంజీలేంటి?"

"బిడ్డకి దారి ఇస్తుందట అత్తయ్యా. నొప్పి వచ్చే తీరు కూడా చెప్పారు. వస్తుందట, మధ్యలో వదులుతుందట."

"మధ్యలో వదులుతుందా?" అంది అత్త. "అవును, వదిలేది. వదిలినప్పుడల్లా ప్రాణం పోతుంది కాబోలు అనుకునేదాన్ని. నాకు ఎవరు చెప్పారు? అరిస్తే, కాన్పు చేసే ఆయమ్మ తొడ మీద ఒకటి వేసింది."

అత్త తన దేహం గురించి మాట్లాడగా షీబా వినడం అదే మొదలు. ఊచలు వదిలి నేల మీద కూర్చుంది.

"ఆ కాన్పు నీ మొగుడిది కాదు. ముందొక ఆడపిల్ల. రెండు పూటలు బతికింది." మగ్దలేనమ్మ గొంతు మామూలుగానే ఉంది. "చొక్కాలు ముందే కుట్టి పెట్టుకున్నాను. అంచులకి పూలు కూడా కుట్టాను. అందుకే పోయిందన్నారు. మా అత్త అంది, మీ మామయ్యా అన్నాడు. ఇంతమంది అంటే నిజమే అయ్యుంటుంది కదా."

షీబాకు అర్థమైంది. దండెం మీది గుడ్డల్ని లాగేసింది పంతం కాదు. తన మీద పడిన తీర్పు కోడలి మీద పడకూడదన్న ఆత్రం.

"మామయ్య కూడా పూత మీదే తోటలు పట్టేవారు కదా అత్తయ్యా?"

"ఆఁ."

"పూతంతా రాలిపోయిన ఏడు ఉందా?"

"ఎన్నిసార్లో."

"ముందే చిక్కాలు అల్లి పెట్టుకున్నాడు, అందుకే రాలిందని మామయ్యని ఎవరన్నా అన్నారా?"

మగ్దలేనమ్మ కొంగు చివర వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"అనలేదు" అంది చివరికి. "గాలివాన అన్నారు."

వచ్చి షీబా పక్కన నేల మీద కూర్చుంది.

"ఇవాళ నాతో నూజివీడు వస్తారా?" అని అడిగింది షీబా.

"ఈ వయసులో నాకు పాఠాలేంటి, నలుగురూ నవ్వడానికి కాకపోతే?"

"నొప్పి మధ్యలో వదులుతుందని ఆ రోజు నాకు గుర్తుండదు. చెప్పేవాళ్ళు కావాలి."

అత్త లేచి లోపలికి వెళ్ళింది.

ప్రేమ్‌చంద్ అప్పుడే వచ్చాడు. చెప్పులు విప్పకుండానే, "జంక్షన్ నుంచి ఫోన్ వచ్చింది. డేటు ఖాయం చేసుకుంటారా అంటున్నారు. చెప్పెయ్యనా?" అన్నాడు.

షీబా గోడ ఆసరాతో లేచి నిలబడింది. నిర్ణయం ఎక్కడో వెతికి తెచ్చుకోవలసినది కాదనీ, ఇన్ని రోజులుగా అది తన లోపలే పెరుగుతున్నదనీ ఆమెకు తోచింది. చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వండి, నేను చెప్తాను."

అతను నంబరు కలిపి ఫోన్ ఇచ్చాడు. "నేను షీబానండి, ప్రేమ్‌చంద్‌గారి భార్యని. మాకు ఆ డేటు వద్దండి, ఇంకెవరికైనా ఇవ్వండి. నేను నొప్పులు వచ్చినప్పుడే వెళ్తాను, నూజివీడు" అని చెప్పి, ఫోన్ తిరిగి అతని చేతిలో పెట్టింది.

"ఏంటి షీబా ఇది? కోత మధ్యలో వస్తే?"

"వస్తే రానివ్వండి. ఈ నెల గురువారాలు కోత పెట్టుకోకండి. రేపట్నుంచి కూలీల అన్నం సంగతి మీరు చూసుకోండి. వచ్చే వారం మీరూ రండి. నడుము రుద్దడం మీకూ తెలియాలి."

"మరి ఆ రోజు లోపల నీతో ఎవరుంటారు?"

"నేనుంటాను" అంటూ మగ్దలేనమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీరలో బయటికి వచ్చింది. "పక్కకి జరుగు, ఆటో వెళ్ళిపోతుంది."

ప్రేమ్‌చంద్ జరిగాడు. తరువాత ఏదో తోచినట్టు, వాళ్ళకంటే ముందే రోడ్డు మీదికి వెళ్ళి చెయ్యి అడ్డంపెట్టి ఆటోను ఆపాడు. షీబా ముందు అత్తను ఎక్కించి, తాను పక్కన సర్దుకుని కూర్చుని, "నూజివీడు, పోనివ్వండి" అంది.