ఎడమవైపు తలుపు

మా ప్రొఫెసర్‌గారికి ప్రొటీన్ కదలాలి. ఊరికే వణికితే చాలదు, చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేలా కదలాలి.

మా ల్యాబులో చేసే పని ఇది. పెద్ద అయస్కాంతం నడుమకు, ప్రొటీన్ ద్రావణం పోసిన సన్నటి గాజు గొట్టాన్ని దించుతాం. రేడియో తరంగాలతో పలకరిస్తాం. అణువులోని ఒక్కో పరమాణువూ తానున్న చోటి నుంచి బదులు పలుకుతుంది. ఆ పలుకు ఎంత త్వరగా సన్నగిల్లుతుందో కొలిచి, ఏ భాగం కదులుతోందో, ఏది బిగుసుకుని కూర్చుందో చెబుతాం. తెర మీద కనబడేవి చుక్కలూ గీతలే. వాటిని చూసి చప్పట్లు కొట్టిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

అందుకే ఒక పెద్ద సభకు వెళ్లేముందు, నా ప్రొటీన్ మీద చిన్న బొమ్మల సినిమా తీయించమన్నారు ప్రొఫెసర్‌గారు. అప్పటికి నా కొలతలు మొదలే కాలేదు. మా మరిది పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఇంటి ముందుగది నిండా వాడి వైర్లే, కాలు పెడితే ఏదో ఒకటి ఆరిపోతుంది. ఆ పని వాడికే అప్పగించాను. వాడు ప్రొటీన్‌కు ఎరుపూ నీలమూ పులిమి, కుడి మూలన ప్రొఫెసర్‌గారు కోరినట్టే ఆయన ఫోటో పెట్టి, ఎడమవైపు ఒక మడత తలుపులా తెరుచుకుని మూసుకునేలా చేశాడు. వెనక సంగీతం కూడా వేశాడు.

"అక్కడ తలుపుందని ఎవరు చెప్పారు నీకు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు వదినా. కదలకపోతే ఎవరు చూస్తారు? నచ్చకపోతే తీసేస్తాలే."

తీసేసేలోపే అది ప్రొఫెసర్‌గారి కంటబడింది. "నేను ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నది ఇదేనమ్మా!" అన్నారు. ఇది ఉత్త ఊహ సార్ అంటే, "ఊహ లేకపోతే సైన్సెక్కడిది?" అని సభకు పట్టుకెళ్లారు. అక్కడ జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారట. దాంతో ల్యాబు గుమ్మం దగ్గర ఒక టీవీ పెట్టించి, పొద్దస్తమానం అదే వేయించారు.

ఇక నా పాట్లు మొదలయ్యాయి. కొలిచి చూస్తే ఎడమవైపు మడత ఉలకదు పలకదు. కదులుతున్నది కుడివైపు కొస. దాన్ని మేం తోక అంటాం. అది నెమ్మదిగా మెలి తిరుగుతోంది, మందు అణువు వచ్చి అతుక్కునేది కూడా అక్కడే. అంతవరకు ఎవరూ చూడనిది చూశానని నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ప్రొఫెసర్‌గారు ఆ గీతల వంక చూడనైనా చూడలేదు.

"తలుపేదమ్మా?"

"లేదు సార్."

"లేకపోవడమేంటి, గుమ్మం దగ్గర టీవీలో ఆడుతుంటే! మళ్లీ చూడు."

మళ్లీ ప్రొటీన్ తయారుచేసి, శుద్ధిచేసి, గొట్టంలో పోసి చూశాను. తల ప్రాణం తోకకొచ్చింది గానీ తలుపు మాత్రం రాలేదు. చివరికి ఒళ్లు మండి, థీసిస్‌లో తోక గురించే రాశాను. ఆయన సంతకం పెట్టి పంపేశారు. కృతజ్ఞతల పేజీ దాటి చదివే అలవాటు ఆయనకు లేదు.

వైవా రోజున మరో విశ్వవిద్యాలయం నుంచి పరీక్షకుడు వచ్చారు. పేరున్న మనిషి. వీడియో తీయడానికి మా మరిదినే పిలిచారు, వాడు గది మూల కెమెరా వెనక నిలబడ్డాడు. నేను తోక సంగతి చెప్పడం పూర్తికాగానే పరీక్షకుడు కళ్లజోడు తీశారు.

"తలుపు ఊసే లేదేంటమ్మా?"

"అక్కడ కదలిక లేదు సార్."

"లేదా? మీ సార్ సినిమా చూశాకే మా ల్యాబులో కొలిచాం. తలుపు తెరుచుకోవడం మాకు స్పష్టంగా కనబడింది. పేపర్ కూడా అచ్చయింది."

ప్రొఫెసర్‌గారు నన్ను కొరకొరా చూశారు. "అంతా సరిదిద్ది, తలుపు పెట్టి మళ్లీ ఇస్తుంది సార్" అని నా తరఫున మాటిచ్చేశారు. ఇన్నేళ్ల పని ఒక్క మాటతో మట్టికొట్టుకుపోతోంది. ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి, నోటికి మాత్రం కోపమే ముందు అందింది.

"ఆ తలుపు పెట్టిన మనిషి ఈ గదిలోనే ఉన్నాడు సార్. అతన్నే అడగండి" అని మూలకు చెయ్యి చూపించాను.

పరీక్షకుడు అటు తిరిగారు. "ఎడమవైపే ఎందుకు పెట్టావయ్యా? ఆధారమేంటి?"

మరిది కెమెరా వెనక నుంచి తల బయటపెట్టాడు. "ఆధారమంటే... కుడివైపు చోటు లేదండీ. సార్ ఫోటో పెట్టమన్నారు కదా, ఆ మూలంతా దానికే సరిపోయింది. అక్కడున్న తోక కూడా ఫోటో కిందకే పోయింది."

ఎవరూ నవ్వలేదు. నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాను. తనేదో తప్పు మాట్లాడానని భయపడి, మరిది వినయంగా ఇంకో మాట కలిపాడు.

"నేనేదో అందానికి పెట్టానండీ. మరి మీకెలా కనబడిందండీ?"

పరీక్షకుడు కళ్లజోడు తుడిచి పెట్టుకున్నారు. మళ్లీ తీసి తుడిచారు. "ఆ తోక కొలతలు ఇంకోసారి చూపించమ్మా" అన్నారు, గొంతు బాగా తగ్గించి.

చూపించాను. ఈసారి ఆయన గీత గీతకూ ఆగారు. అడ్డంగా అడిగారు, నిలువుగా అడిగారు, కొన్నిచోట్ల నన్ను తడబడేలా చేశారు. నా ప్రొటీన్‌ను నేను కాక ఇంకో మనిషి నిజంగా చూడటం అదే మొదలు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. చివరికి సంతకం పెట్టి, కాగితాలు ప్రొఫెసర్‌గారి ముందుకు తోశారు.

ప్రొఫెసర్‌గారు కలం పట్టుకుని చాలాసేపు తెర మీది తోక వంక చూశారు. సంతకం పెట్టారు. తర్వాత మా మరిదిని పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి అడిగారు.

"బాబూ, నా ఫోటో ఎడమవైపుకి, సరిగ్గా ఆ తలుపు కనబడకుండా జరపగలవా?"