చెవి వెనుక మెత్తని చోటు

సైదాబాద్ మృగపోరు మైదానంలో ఫైనల్ ఉందంటే పాతబస్తీలో సగం దుకాణాలు మూతపడతాయి. ఆ రోజు మెట్లన్నీ నిండి, జనం గోడల మీద కూడా కూర్చున్నారు. నడుమ గుండ్రటి ఇసుక బరి. తూర్పు ద్వారం దగ్గర అమల తన మృగం గుండు మెడ మీద చెయ్యేసి నిలబడింది.

గుండు బండమృగం. దున్నపోతంత ఆకారం, ఒళ్లంతా రాతిపెంకు. మాదన్నపేటలో పాడి మీద బతికే అమల వాళ్ల కొట్టంలోనే పుట్టింది. తండ్రి పోయాక దాన్నీ, అమలనూ పోరుకు తయారుచేసింది ఆయన స్నేహితుడు సోమయ్య. ఇరవై ఏళ్లుగా ఈ మైదానంలో ఇసుక చదును చేసే పని ఆయనది. గుండు పిల్లగా ఉన్నప్పుడు ఎడమ చెవి వెనుక పుండు పడితే పసుపు పెట్టి మాన్పిందీ ఆయనే. పుండు మానింది కానీ అక్కడ పెంకు మళ్లీ రాలేదు. ఆ సంగతి అమలకూ, సోమయ్యకూ మాత్రమే తెలుసు.

గంట మోగింది. ఎదుటి ద్వారంలోంచి ప్రత్యర్థి క్రాంతి తన ఈటెముక్కు పక్షిని వదిలాడు. గుండు కొట్టిన రెండో దెబ్బకే దాని రెక్క వాలిపోయింది. మెట్ల మీద ఈలలు మోగాయి. అప్పుడు క్రాంతి నింపాదిగా, "ఎడమ చెవి వెనక," అన్నాడు.

పక్షి నేరుగా వచ్చి అక్కడే పొడిచింది. గుండు మోకాళ్ల మీద కూలింది. మరో పోటు పడకముందే అమల తువ్వాలు బరిలోకి విసిరి ఓటమి ఒప్పుకుంది. తిరిగి చూస్తే బరి అంచున సోమయ్య తల వంచుకుని ఉన్నాడు.

మృగాలను కట్టే గదిలోకి ఆయనే పసుపు గిన్నెతో వచ్చాడు.

"నువ్వే చెప్పినవా, కాకా?"

సోమయ్య గిన్నె కింద పెట్టాడు. "క్రాంతి వాళ్ల నాయన కమిటీ పెద్ద గదా. నన్ను మైదానానికి ఉస్తాద్‌ను, పోరు నేర్పే పెద్దను చేస్తనన్నడు బిడ్డా. ఇరవై ఏండ్ల సంది ఇసుక ఊడుస్తున్న."

"నాకు నేర్పినప్పుడు నువ్వు ఉస్తాద్‌వి కాదా?"

సోమయ్య పసుపు వేళ్లకు తీసుకుని గుండు పక్కన కూర్చున్నాడు. గుండు ఆయన చెయ్యి వాసన చూసి, ఒళ్లో తల పెట్టేసింది. దానికేం తెలుసు? దాన్ని ఇవతలికి లాగేద్దామనుకుంది అమల. కానీ పుండు మీద ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వదది. పళ్లు బిగపట్టి నిలబడింది. ఆయన వేళ్లు ఎప్పటిలాగే మెత్తగా కదులుతుంటే చూడలేకపోయింది.

కట్టు ముగిశాక చెప్పింది. "రేపటి సంది కొట్టం కాడికి రాకు."

"పుండు మానేదాంక అన్న రానియ్యి. అది నా చేతికే అలవాటు."

"నా చేతికి గూడ అలవాటు చేస్త."

పదకొండు రోజులు పట్టింది. రోజూ పొద్దున్నే సోమయ్య గల్లీ చివర నిలబడి వెళ్తున్నాడని తల్లి బాలమ్మ చెబుతూనే ఉంది. అమల బయటికి రాలేదు. పన్నెండో రోజు పసుపు పెట్టించుకోవడానికి గుండు ఆమె ముందు తల వంచింది. ఆ వారమే సోమయ్య మైదానానికి ఉస్తాద్ అయ్యాడని తెలిసింది. అమల విని, పసుపు కలుపుతూనే ఉంది.